కొయ్య అంటే జామ

ఈసారి గోడపత్రికకు పండుగ గురించి రాద్దామనుకున్నాను. ఇప్పటికే ముగ్గురు పండుగల మీదే ఇచ్చారని మేడం చెప్పారు. అందుకని ఉండేలు గురించి రాస్తున్నాను, అదే, పంగలకర్ర. నవ్వకండి. ఆడపిల్లకు దాంతో ఏం పని అని మా అవ్వ అడగనే అడిగింది.

మాది హోసూరు పక్క పల్లె. నాయన వైపు తెలుగు, అమ్మ వైపు తమిళం. మా ఇంట్లో ఒక వాక్యం తెలుగులో మొదలై తమిళంలో ముగుస్తుంది. తాతకు పద్నాలుగు మామిడి చెట్లున్నాయి, అన్నీ బెంగళూర రకమే. కొందరు తోతాపురి అంటారు. కాయ బలిసేటప్పటికి కోతులు గుంపుగా దిగుతాయి. తినేదానికంటే కొరికి పారేసేదే ఎక్కువ. పోయిన ఎండాకాలం సెలవుల్లో కాపలా పని నాకూ తమ్ముడికీ పడింది. వాడికి పదకొండేళ్ళు. ఉండేలు కావాలని పట్టుబట్టాడు.

మొదటిది నేనే చేసిచ్చాను. కట్టెల్లో దొరికిన ఒక పంగ, పాత సైకిల్ ట్యూబు, కట్టడానికి సన్న ఇనప తీగ. రెండు రోజులు బాగానే పనిచేసింది. మూడోరోజు మధ్యాహ్నం వాడు చెవిదాకా లాగాడు. రబ్బరు పట్‌మని తెగి వాడి కంటి కింద కొట్టింది. వాడు కేక కూడా వేయలేదు, కన్ను మూసుకుని కింద కూర్చున్నాడు. నల్లగుడ్డుకు తగల్లేదు కాబట్టి సరిపోయిందన్నారు డాక్టరు. వారం రోజులు చుక్కల మందు వేశాం. తెల్లగుడ్డు మందారంలా ఎర్రగా ఉండింది.

ఎవరు కట్టారని అమ్మ అడిగింది. నేను నోరు తెరిచేలోపే వాడు “నాన్ దాన్” అన్నాడు. అమ్మ దాన్ని పొయ్యిలో పడేసింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను, ఏమీ అనలేదు.

రాత్రి తాతకు ఒక్కడికే చెప్పాను. తిట్టలేదు. “ఏ పక్క తెగింది మే? కొయ్య పక్కనా, తోలు పక్కనా?” అని అడిగాడు. తోలు పక్క తెగితే రబ్బరు ముందుకు పోతుంది. కొయ్య పక్క తెగితే లాగినవాడి మొగానికే వస్తుంది. మాది కొయ్య పక్కే తెగింది. తీగ రబ్బరును కోసేసింది, పంగ అంచు కూడా చెక్కకుండా వదిలేశాను. దానికి తోడు రబ్బరు నాలుగంగుళాలే పెట్టాను. వాడు లాగింది ఇరవై రెండు అంగుళాలు ఉంటుంది. అంటే అయిదింతలు దాటింది.

“గట్టి కొయ్య చూసి తీసుకురా” అన్నాడు తాత పొద్దున్నే. నేను నేరుగా పెరట్లో జామచెట్టు దగ్గరికి పోయాను. తమిళంలో కొయ్యా అంటే జామ కదా! తాత కొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి చాలాసేపు నవ్వాడు. ఆయన అడిగింది ఏదో ఒక గట్టి కర్ర. నేను తెచ్చింది మాత్రం దానికి పనికొచ్చే కర్రే. జామ పంగలో నార గట్టిగా అల్లుకుని ఉంటుంది, సులభంగా చీలదు. మునగ కొమ్మ తెచ్చి ఉంటే ఇంటికి వచ్చేలోపే విరిగేది.

పచ్చిది ఎండలో పెడితే పగులుతుందని మూడు వారాలు కొట్టంలో నీడకు ఉంచాం. ఆ మూడు వారాలూ రబ్బరు వెతుక్కున్నాం. సైకిల్ షాపులో ఇప్పుడు దొరికే నల్ల ట్యూబులు ఎక్కువగా బ్యూటైల్‌వి. గాలి బాగా పడతాయి గానీ లాగి వదిలితే బద్ధకంగా వెనక్కి వస్తాయి. చివరికి మెడికల్ షాపులో, రక్తం తీసేటప్పుడు చేతికి కడతారే, ఆ లేతపసుపు గొట్టం కొన్నాను. తాత దాన్ని లాగి, చెవి దగ్గర పెట్టి వదిలాడు. ఏం వినిపించిందో చెప్పలేదు, తల ఊపాడు. ఒక్కో పక్క ఆరంగుళాలు, నాలుగింతలకు మించి లాగకూడదు. రెండు ముక్కలూ సమానంగా లేకపోతే ఉండ పక్కకు పోతుంది.

తాత చేతులు వణుకుతాయి. ఆయన చెప్పాడు, నేను చేశాను. అంచులు గాజుపెంకుతో గీకి నున్నగా చేశాను. పంగ చీలేది సందులోనే కాబట్టి అక్కడ నూలు దారాన్ని అటొకటి ఇటొకటి అడ్డంగా చుట్టి, కిందకు పిడి దాకా దించి, పైన ఫెవికాల్ పూశాను. రబ్బరును తీగతో కాదు, సన్నగా కోసిన రబ్బరు పట్టీతోనే కట్టాను. తోలు నాయన పాత చెప్పుది.

రాళ్ళు వద్దన్నాడు తాత. బంకమట్టి ఉండలు చేయమన్నాడు. ఆయన ‘ఉండ’ అంటే తమ్ముడు ‘ఉండై’ అన్నాడు. తాతకు తమిళం తడబాటు, వాడికి తెలుగు తడబాటు. ఆ రెండు గంటలు మట్టి పిసుకుతూ వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నంత ఎప్పుడూ మాట్లాడుకోలేదు. కోతులను కొట్టకూడదు, కొమ్మకు కట్టిన రేకు డబ్బాను కొట్టాలి. చప్పుడుకే అవి పోవాలి. (నాలుగోరోజుకు వాటికి ఆ చప్పుడు అలవాటైపోయింది. అది వేరే సంగతి.)

తయారయ్యాక తమ్ముడు దాన్ని ముట్టుకోలేదు. చేతులు వెనక పెట్టుకున్నాడు. నాయన బండి కళ్ళద్దాలు పెట్టుకుని మొదట నేనే లాగాను. నా చేతులూ వణికాయి. రెండోదానికి డబ్బా మోగింది.

చప్పుడు విని అమ్మ వచ్చింది. మళ్ళీ అదే మాట, ఇది ఎవరు కట్టారని. “అక్క కట్టింది” అన్నాడు తమ్ముడు, తెలుగులో. అమ్మ ముడి పట్టుకుని గట్టిగా లాగి చూసింది. కళ్ళద్దాలు నా మొగం మీద నుంచి తీసి వాడికి పెట్టి, లోపలికి పోయింది.

మొదటిదాని సంగతి ఇంకా చెప్పలేదు. అమ్మకు తెలుగు చదవడం రాదు కాబట్టి ఇక్కడ రాయగలిగాను. రబ్బరు ఇప్పటికి రెండుసార్లు మార్చాం. ఎండకు సన్న గీటు పడినా విప్పేస్తాను. ఇంకో గజం గొట్టం నా బ్యాగులో ఉంది, ఈ శనివారం ఊరికి పోతున్నాను.