దొరికిన వింతను పంచుకొనుట

మా గౌరిబిదనూరు ప్రాంతమున పెక్కుండ్ల ఇంట తెలుగు, అంగడిలోను కచేరిలోను కన్నడము, ఫోనులో ఇంగ్లీషు. ఈ మూడింటి నడుమ మన పిల్లలు పెరుగుచున్నారు. ఇందు నష్టమేమియు లేదు. మూడు బావుల నీరు అందినవానికి దప్పి యుండదు గదా! కాని తోడిన నీరు ఇంటికి చేరనిచో ఆ తోడుట సగము పనియే యగును. ఈ సంగతి మాకు ఒక బొమ్మ వలన బోధపడినది. దానిని విద్యార్థులకును, తల్లిదండ్రులకును విన్నవించుటకే ఈ నాలుగు మాటలు.

ఒకనాడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు ఫోనులో ఒక బొమ్మను మాకు చూపెను. అది ఎక్స్‌కేసీడీ అను బొమ్మల వరుసలోనిది. అమెరికా దేశస్థుడగు రాండల్ మన్రో 2005వ సంవత్సరమున దానిని అంతర్జాలమున ఆరంభించినాడు. ఆయన భౌతికశాస్త్రము చదివి కొంతకాలము నాసాలో పనిచేసినవాడు. ఆ పేరు నాలుగక్షరముల కూడిక మాత్రమేయనియు, దానికి ఉచ్చారణ లేదనియు ఆయనయే చెప్పినాడు. ఆయన గీయు మనుష్యులకు కన్నులు లేవు, ముక్కు లేదు, అంతయు గీతలే. అయినను గణితమును, విజ్ఞానమును ఎఱిగినవారిని ఆ గీతలే కడుపుబ్బ నవ్వించును.

బాలుడు చూపిన బొమ్మ 2012లో వెలువడినది. మనుష్యులను చంద్రునివద్దకు చేర్చిన శాటర్న్ ఐదు రాకెట్టు పటమది. అందలి భాగములను వివరించుటకు మన్రో ఒక నియమము పెట్టుకొనినాడు: ఇంగ్లీషున జనులు మిక్కిలి తఱచుగా వాడు వేయి మాటలు తప్ప వేఱొక మాట వాడరాదు. ఆ వేయింటిలో ‘రాకెట్టు’ లేదు. చిత్రమేమన, ‘వేయి’ అను మాటయే లేదు! కావున వేయిని ‘పది వందలు’ అనియు, రాకెట్టును ‘పైకి పోవునది’ అనియు వ్రాయవలసి వచ్చెను. చూచినవారు మొదట నవ్వుదురు. నవ్వు తీఱిన పిదప రాకెట్టు పనిచేయు తీరు మనసున నిలుచును. ఇదే పద్ధతిని ఆయన 2015లో ఒక గ్రంథముగా విస్తరించినాడు.

ఆ సాయంకాలము బాలుడు ఆ బొమ్మను తన అవ్వకు చూపెనట. ఆమె ఫోనును దూరముగా పట్టుకొని చూచి, “బాగుండాది నాయనా. అందులో ఏముండాదో చెప్పు” అనెను. వీడు ఇంజను అనెను, ఇంధనమనెను, అటుపై మాట తోచక ఊరకుండెను. మఱునాడు మా యొద్దకు వచ్చి, “నాకు అర్థమయింది సార్, అవ్వకు చెప్పేకి కాలేదు” అని తల వంచుకొనెను.

మేము వానిని ఓదార్చితిమి గాని, మాకును సిగ్గు కలిగెను. దినమునకు పది వింతలను ఇతరుల ఫోనులకు పంపువారము మేము. వానిలో ఒక్కదానినైన మా ఇంటివారికి మా మాటలలో చెప్పితిమా? లేదు. వ్రేలితో నొక్కి పంపుటనే పంచుకొనుట యనుకొంటిమి.

నాటినుండి తరగతి గోడపత్రికకు ఒక కట్టుబాటు చేసితిమి. వింత దొరికినవాడు దానిని తెలుగున వ్రాయవలెను. ఎవరు చేసినది, ఎప్పుడు చేసినది తెలుపవలెను. ఇంట పెద్దలకు తెలియని మాట వాడరాదు. మన్రో తన బొమ్మలను లాభాపేక్ష లేకుండ, తన పేరు చెప్పి పంచుకొనుటకు అనుమతించినాడు. కర్త పేరు కత్తిరించి పంపుట చౌర్యమే యని పిల్లలకు చెప్పితిమి.

మొదటి విషయము మా ఊరి రేడియో దూరదర్శిని. బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థయు, భారతీయ ఖగోళభౌతిక సంస్థయు కలిసి నెలకొల్పిన ఈ దూరదర్శిని 1976లో పని మొదలిడినది. ఇంగ్లీషు ‘టీ’ అక్షరపు ఆకారమున వేయి ఏంటెనాలు. తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్ల బారు, దక్షిణమునకు దాదాపు అర కిలోమీటరు. మా వారు దానిని ‘కంబాల చేను’గా మాత్రమే చూచియుండిరి.

“ఆకాశపు సద్దును వినెడి చెవి” అని ఒకడు వ్రాసెను. మాటలు తేలికయే. కాని ఒక బాలిక లేచి, “శూన్యములో సద్దు రాదు గదా సార్” అనెను. ఆమె మాటయే నిజము. తేలికమాట కావలెను గాని తప్పుమాట కారాదు. గంటసేపు తర్కించి, “కంటికి కనబడని వెలుగును పట్టు వల” అని దిద్దిరి.

బాలుడు దానిని అవ్వకు చదివి వినిపించెను. “వల సరే, అంత పెద్దది ఎందుకురా?” అని ఆమె అడిగెను. వాడు మఱల మా యొద్దకు వచ్చెను. ఆ దూరదర్శిని పట్టు అల పొడవు దాదాపు 8.7 మీటర్లు, అల పొడవైన కొలది, అది ఆకాశమున ఏ చోటినుండి వచ్చినదో తేల్చుటకు వల అంత వెడల్పు కావలెనని చెప్పితిమి. ఈ ప్రశ్న మా తరగతిలో ఎవరికిని తోచలేదు. చదువురాని అవ్వకు తోచినది!

ఇట్టి పంపకము మనకు క్రొత్త కాదు. 1947లో మద్రాసున తెలుగు, తమిళములలో మొదలైన ‘చందమామ’ 1949 నుండి కన్నడమునను వెలువడెను. కథ ఒకటే, బొమ్మ ఒకటే. ఎవరి మాటలో వారికి అందినది. దాని పాత సంచికలు నేడు అంతర్జాలమున చదువ దొరకును. పెద్దలు వానిని పిల్లలకు చూపవచ్చును.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లవాడు ఫోను చూపినపుడు “బాగుంది” అని తిరిగి ఇచ్చివేయకుడు. “అందులో ఏముండాదో చెప్పు” అని అడుగుడు. వాడు తడబడిన తడబడనిండు. మాటకై వెదకునపుడే వానికి విద్యయు, మనకు తెలుగును దక్కును.