ఒక్క పాస్టరు గారు, నాలుగు పల్లెల క్రిస్మస్

బొబ్బిలి అనగానే మనవాళ్ళకు 1757 నాటి యుద్ధం, తాండ్ర పాపారాయుడు జ్ఞాపకం వస్తారు. సంగీతం తెలిసినవారికి పక్కనే ఉన్న గొల్లపల్లి, అక్కడ పనసకర్రతో తొలిచే వీణలు జ్ఞాపకం వస్తాయి. మన క్రైస్తవ కుటుంబాలకు ఇంకొక సంగతి కూడా జ్ఞాపకం రావాలి. కెనడాలోని నోవాస్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ ప్రాంతాల బాప్టిస్టు సంఘాలు తమ మిషనరీలను మొదట సయాము దేశానికి, కరెను ప్రజల మధ్యకు పంపాయి. అక్కడ అనుకున్నంతగా పని దొరకక 1875లో వారు తెలుగు తీరానికి వచ్చారు. శాన్‌ఫర్డ్ గారు భీమిలి, ఆర్మ్‌స్ట్రాంగ్ గారు శ్రీకాకుళం, చర్చిల్ దంపతులు బొబ్బిలి చేరారు. చర్చిల్ దొరసాని గారు బొబ్బిలి నుండి రాసిన ఉత్తరాలు 1916లో పుస్తకంగా కూడా వచ్చాయి. ఇవతల సాలూరులో జర్మనీ దేశపు బ్రెక్లుం మిషను లూథరన్లు 1880లలో పని మొదలుపెట్టారు. ఈ రెండు పనుల ఫలితంగానే బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం చుట్టుపక్కల పల్లెల్లో ఈనాటికీ చిన్న చిన్న ఆరాధన మందిరాలు కనిపిస్తాయి. కొన్ని పెంకుటిళ్ళు, కొన్ని రేకుల షెడ్లు, ఈమధ్య కట్టినవి శ్లాబు భవనాలు.

అటువంటి నాలుగు పల్లెల్లో క్రిస్మస్ చూద్దామని మేము దంపతులం, మా అమ్మాయి బయలుదేరాము. విజయనగరంలో రాయపూర్ వైపు వెళ్ళే బండి ఎక్కితే బొబ్బిలి చేరడానికి ఎక్కువ సేపు పట్టదు. డిసెంబరు చివరి వారం కాబట్టి దారిపొడవునా కోసిన వరి చేలు, కుప్పలు, కళ్ళాల్లో నూర్పులు. పడమట తూర్పు కనుమలు మంచులో ఉన్నాయో లేవో అన్నట్టు ఉన్నాయి. బొబ్బిలిలో దిగి ఆటో మాట్లాడుకున్నాము. ఆ నాలుగు పల్లెల పేర్లు ఇక్కడ రాయడం లేదు. అక్కడివారు తమ ఇంటి సంగతులు మనసు విప్పి చెప్పారు, పేర్లు పత్రికకెక్కడం వారికి ఇష్టం ఉండకపోవచ్చు.

నాలుగు సంఘాలకూ ఒక్కరే పాస్టరు గారు. ఒక్కొక్క పల్లెకు మధ్య నాలుగైదు కిలోమీటర్లు, అందులో సగం మట్టిరోడ్డు. బల్లారాధన ఆయనే జరిపించాలి గనుక నలుగురికీ ఒకే సమయం కుదరదు. అందుచేత వారి ఏర్పాటు ఇదీ: ఇరవై నాలుగు సాయంత్రం ఆరు గంటలకు ఒక పల్లెలో ఆరాధన, అదే రాత్రి పదకొండున్నరకు రెండవ పల్లెలో, ఇరవై అయిదు తెల్లవారుజామున అయిదుకు మూడవ పల్లెలో, ఉదయం పది గంటలకు నాలుగవ పల్లెలో. పది గంటల ఆరాధనకే కొత్తబట్టలు, ఆ తరువాత ప్రేమవిందు. దానికోసం వెనుక పెద్ద తగువే అయిందట. పది గంటల ఆరాధన మాకు కావాలంటే మాకని రెండు సంఘాలవారు మాటలు కూడా మానుకున్నారట. చివరికి వంతులు పెట్టుకున్నారు. ఏ పల్లెకైనా పది గంటల క్రిస్మస్ నాలుగేళ్ళకొకసారి వస్తుంది. ఆ వంతుల పట్టిక నాలుగు మందిరాల్లోనూ గోడకు అంటించి ఉంది.

ఇంగ్లాండులో ఉన్న మా బంధువులు ఒకరు ఈ మాట విని నవ్వారు. అక్కడి పల్లెటూళ్ళలోనూ ఇదే తంతు అట. ఏనాటివో రాతి చర్చీలు ఊరికొకటి ఉన్నా పాదిరిగారు మాత్రం అయిదారు ఊళ్ళకు కలిపి ఒక్కరు. క్రిస్మస్ ముందురోజు ఆయన కారులో ఒక చర్చి నుండి మరొక చర్చికి పరుగు. ఒక ఊరికి పిల్లల ఆరాధన, ఇంకొక ఊరికి అర్ధరాత్రి బల్ల, వేరొక ఊరికి కేరల్స్ మాత్రమే. ఎన్ని వందల ఏళ్ళ సంఘమైనా పల్లె సంఘం కష్టం పల్లె సంఘానిదే కాబోలు.

పాస్టరు గారి మోటారు సైకిలు వెనుక పాస్టరమ్మ గారు, ఆమె ఒళ్ళో గుడ్డలో చుట్టిన బల్లారాధన సామగ్రి. ఆ వెనుక ఆటోలో మేము. మొదటి పల్లె మందిరంలో సాయంత్రం ఆరింటికి అరవైమంది దాకా కూర్చున్నారు. పురుషుల వైపు చూస్తే అందరూ ముసలివారో, పదేళ్ళ లోపు పిల్లలో. మధ్య వయసు మగవారు పట్టుమని పదిమంది లేరు. స్త్రీల వైపు కూడా చిన్నవయసు తల్లులు తక్కువ, నాయనమ్మల ఒళ్ళో మనుమలు ఎక్కువ. మా పక్కన కూర్చున్న ఒక ముసలమ్మను మీ పిల్లలేరి అని అడిగాము.

“మా గుంటలు రానేదమ్మా. మేస్త్రి సెలవియ్యనేదట. సంకురాత్రికి వొస్తారు,” అంది.

ఇదే మాట నాలుగు పల్లెల్లోనూ విన్నాము. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి చెన్నై, హైదరాబాదు, బెంగుళూరు కట్టడం పనులకు వెళ్ళినవారు ఏ ఊళ్ళో అడిగినా ఉన్నారు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు, వారిలో పలువురు మన ఈ రెండు జిల్లాల కూలీలే. ఈ పల్లెల్లో ఆ సంగతి ఇంకా చెప్పుకుంటారు. పనికి వెళ్ళినవారికి ఏడాదికి ఒక్కసారే నాలుగు రోజుల సెలవు. ముఠాలో ఎక్కువమంది సంక్రాంతికి వస్తారు గనుక మేస్త్రి అప్పుడే పని ఆపుతాడు. క్రిస్మస్‌కు, సంక్రాంతికి మధ్య ఇరవై రోజులు. రెండింటికీ వచ్చిపోవాలంటే రైలు ఖర్చులు, పోయిన కూలి కలిపి చేతికి ఏమీ మిగలదు. ఎవరూ దేవుని మరచి రానివారు కారు.

ఇందువల్ల ఆరాధన జరిగే తీరు కూడా మారింది. మన పట్టణ సంఘాల్లో చేసే తొమ్మిది పాఠాల కేరల్ ఆరాధన మీకు తెలిసిందే. అది 1880లో ఇంగ్లాండులోని ట్రూరో అనే ఊళ్ళో మొదలై, 1918లో కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీ చాపెలులో స్థిరపడి లోకమంతా పాకింది. మొదటి పాఠం పాటల బృందంలోని బాలుడు, చివరి పాఠం బిషప్పు గారు చదవడం ట్రూరోలో పెట్టిన పద్ధతి. ఈ పల్లెల్లో పాఠాలు నాలుగే. చదువగల యువకులు ఊళ్ళో లేనందున చదివినవారు ముగ్గురూ హైస్కూలు ఆడపిల్లలు. నాలుగవది ఒక అవ్వ. ఆమెకు అక్షరం రాదు. లూకా సువార్త రెండవ అధ్యాయంలో గొల్లల భాగం పుస్తకం ముట్టకుండా, కళ్ళు మూసుకొని, ఎక్కడా తడబడకుండా చెప్పింది. చిన్నప్పుడు బొబ్బిలి నుండి వచ్చే బైబిలు స్త్రీ దగ్గర నేర్చుకున్నదట. మా అమ్మాయి తన బైబిలు తెరిచి వేలు పెట్టి సరిచూసుకుంటూ కూర్చుంది.

పాటల విషయంలో మాత్రం ఏ లోటూ లేదు. ఈ ప్రాంతం పాటల ప్రాంతం. చౌధరి పురుషోత్తము గారు (1803–1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, ప్రభువును అంగీకరించి, శ్రీకాకుళం, టెక్కలి, పర్లాకిమిడి పల్లెల్లో తిరిగిన మనిషి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ఆయన రాసినవి ఇప్పటికీ అన్ని మిషనులవారూ పాడుకుంటారు. పుస్తకాలు నాలుగే ఉన్నా ఆ కీర్తనలు అందరికీ కంఠస్థం. డోలకు ఒకటి, తాళాలు రెండు జతలు, అంతే. పట్టణంలో కీబోర్డు, మైకు లేకపోతే పాట లేవదని అనుకునేవారిని ఒకసారి ఇక్కడికి పంపాలనిపించింది.

అర్ధరాత్రి ఆరాధనకు ముందు రెండవ పల్లెలో కేరల్స్‌కు వెళ్ళాము. వెదురు బద్దలతో చేసిన నక్షత్రంలో బల్బు పెట్టి, దానికి బ్యాటరీ కట్టి ఒక కుర్రవాడు ముందు నడిచాడు. క్రైస్తవుల ఇళ్ళు ఇరవై ఉంటే మేము ఆగిన ఇళ్ళు నలభైకి పైగా. హిందువుల ఇళ్ళవారు కూడా అరుగుల మీద నీళ్ళు చల్లి ఉంచారు. ఒక రైతు గారి ఇంటి ముందు పాడకుండా వెళ్ళబోతే ఆయనే బయటికి వచ్చి, “ఏటర్రా, మా గుమ్మం కనపడనేదా?” అని కేకవేశారు. పాడిన తరువాత కుంచెడు ధాన్యం పోయించారు. పిల్లల జేబులు పోకుండలతో, జంతికలతో నిండాయి. నూనె మరకలు పడ్డాయని మర్నాడు తల్లులు సాధించి ఉంటారు.

మూడవ పల్లెలో తెల్లవారుజామున మంచుకు ఎదుటి మనిషి కనపడలేదు. ఇరవైమందే వచ్చారు, మిగిలినవారు కళ్ళంలో ధాన్యం కాపలా. ఆరాధన ముగిశాక పాస్టరు గారు తిన్నగా కళ్ళానికి నడిచి, అక్కడ గొంగడి కప్పుకొని కూర్చున్న అయిదుగురికి బల్ల ఇచ్చారు. ఇంతకంటే చెప్పవలసినది అక్కడ లేదు.

పది గంటల పల్లె దగ్గర కొంచెం ఆగాలి. అక్కడ ఆరాధనకు ముందు పెద్దలు, యౌవనస్థులు మాట్లాడుకుంటుంటే విన్నాము. సంక్రాంతికి అందరూ ఊళ్ళోకి వస్తారు గనుక క్రిస్మస్ ఆరాధన, విందు కూడా ఆ ముందు ఆదివారానికే మార్చుకుందామని యౌవనస్థుల కోరిక. సంఘ పెద్ద ఒకాయన ఒప్పుకోలేదు.

“ప్రెబువు పుట్టినరోజు మేస్త్రి సెలవును బట్టి మారిపోద్దేటి బాబూ?”

“ఆ రోజు గుళ్ళో ఎవులూ నేకపోతే పండగ ఎవులికి తాతా?”

ఇద్దరి మాటలోనూ పస ఉంది. సువార్తలు పుట్టిన తేదీ చెప్పవు. రోమాలో డిసెంబరు 25ను పాటించినట్టు మొదటి ఆధారం క్రీ.శ. 336 నాటిది. ఆర్మేనియా సంఘం ఈనాటికీ జనవరి 6న, రష్యా, ఇథియోపియా సంఘాలు జనవరి 7న క్రిస్మస్ చేసుకుంటాయి. కాబట్టి తేదీ మార్చితే విశ్వాసం పోతుందని మేము అనుకోము. అయితే పెద్దాయన భయం తేదీ గురించి కాదని మాకు అనిపించింది. ఆ రోజు మందిరం తలుపు తీయడం మానేస్తే, కొన్నాళ్ళకు ఆదివారాలు కూడా మానేస్తారని ఆయన భయం. ఆయన మందిరం పునాదికి రాళ్ళు మోసినవాడు. పాస్టరు గారు ఇద్దరికీ కుదిరే మార్గం చెప్పారు. ఇరవై అయిదున ఎంతమంది ఉంటే అంతమందితో ఆరాధన, బల్ల జరగాలి. భోగికి ముందు వచ్చే ఆదివారం కృతజ్ఞతా ఆరాధన, కోత కానుకలు, ప్రేమవిందు జరగాలి. విందు వాయిదా పడటం మా అమ్మాయికి మాత్రం నచ్చలేదు. అయినా ఆ రోజుకు ఒక ఇంటివారు మాకు వేడివేడి అన్నం, నాటుకోడి కూర పెట్టారు.

ఆరాధనలో ప్రార్థన సమయానికి సంఘ కార్యదర్శిగారు ఒక నోటుపుస్తకం తెరిచారు. ఊళ్ళో లేనివారి పేర్లు, వారున్న ఊళ్ళు చదవడం మొదలుపెట్టారు. ముప్పయి నాలుగు పేర్లు. పేరు చదవగానే ఆ ఇంటి నుండి ఎవరో ఒకరు లేచి నిలబడుతున్నారు. చెన్నై, చెన్నై, హైదరాబాదు, బెంగుళూరు, మళ్ళీ చెన్నై. ఒక చోట ఏడేళ్ళ పిల్లవాడు అమ్మానాన్నలిద్దరి కోసం ఒక్కడే రెండుసార్లు లేచాడు. ఇద్దరు ముగ్గురు ఫోనులో మనుషులను చూపిస్తూ చేయి పైకెత్తి పట్టుకున్నారు. అవతల ఎక్కడో కడుతున్న భవనం, నెత్తిన హెల్మెట్టుతో ఒక మనిషి, వెనుక యంత్రాల చప్పుడు. పాస్టరు గారు ఆ చప్పుడు ఆపమనలేదు.

కానుకలు చాలావరకు ధాన్యమే. ఇంటింటా వంటకు ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యం చిన్న మూటలుగా వచ్చాయి. ఒక గుమ్మడికాయను వేలం వేస్తే మేము పాడుకున్నాము, ఆ కాయను మళ్ళీ అక్కడే ఇచ్చి వచ్చాము. రేకులు మార్చడానికి ఇంకా ఎంతో కావాలట.

మధ్యాహ్నం మూడింటికి స్టేషనుకు ఆటో కట్టించుకుంటుంటే ఆ ముసలమ్మ మనుమణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. మొదటి పల్లె నుండి నడిచి వచ్చిందట. చేతిలో మూత బిగించిన పాలడబ్బా, పైన గుడ్డ కట్టి ఉంది. ఆ సాయంత్రం బండికి ఆ ఊరి కుర్రవాడు ఒకడు హైదరాబాదు వెళ్తున్నాడని, వాడిని స్టేషనులో చూసి ఇమ్మని, లోపల పోకుండలు ఉన్నాయని, తలకిందులు చేయవద్దని మాకు మూడుసార్లు చెప్పింది.