బొర్రా గుహలు: నీటిచుక్క చేసిన పని



మా జాలరిపేట వారికి సముద్రపు లోతు తెలుసును గాని కొండ లోతు తెలియదు. అందుచేత దేవుని కృపను బట్టి సండే స్కూలు పిల్లలను, యౌవనస్థులను వెంటబెట్టుకొని కిరండోల్ ప్యాసింజరులో బొర్రా గుహలు చూచి వచ్చాము.

విశాఖపట్నానికి సుమారు 90 కిలోమీటర్ల దూరాన, అనంతగిరి కొండలలో, సముద్రమట్టానికి 705 మీటర్ల ఎత్తున ఈ గుహలున్నవి. 2022 నుండి ఈ ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. మెట్లు దిగితే సుమారు 80 మీటర్ల లోతు వరకు గుహ సాగుతుంది.

ఇది మనుష్యులు కట్టని మ్యూజియం. సున్నపురాయి మన వారికి క్రొత్త కాదు. పూర్వం గుల్లలు కాల్చి సున్నం చేసేవారు గదా! ఆ గుల్లలోను ఈ రాతిలోను ఉన్న పదార్థం ఒక్కటే. వాననీరు గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని రాతిని మెల్లగా కరిగిస్తుంది. ఆ నీరు గుహ కప్పునుండి కారునప్పుడు వాయువు విడిపోయి సన్నని సున్నపు పొర మిగులుతుంది. అలా పైనుండి వ్రేలాడేవి, క్రిందనుండి లేచేవి ఏర్పడినవి. పిల్లలు ఒక రాతిలో మొసలిని, మరొక రాతిలో పుట్టగొడుగును చూచి సంతోషించారు. బెత్తెడు పెరుగుటకు వెయ్యేండ్లు పట్టవచ్చును. చేతిజిడ్డు అంటితే ఆ పెరుగుదల ఆగిపోవచ్చును. కనుక ఎవరూ ముట్టవద్దని చెప్పాము.

ఈ కొండలలో పుట్టిన గోస్తనీ నది తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమిలి వద్ద మన సముద్రంలో కలుస్తుంది. విశాఖ ప్రజలు త్రాగే నీటిలో తాటిపూడి నీరు కూడ ఉన్నది. కొండ చెడితే మన కుండ కూడ చెడుతుంది.

ఒకప్పుడు ఈ బొర్రా పంచాయతీలో గనుల లీజులు ఇవ్వగా, గిరిజనుల పక్షాన సమత అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. షెడ్యూల్డు ప్రాంతాలలోని ప్రభుత్వ భూమిని గనుల కొరకు గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు వలన ఆ కుటుంబాల భూమికి కాపుదల కలిగింది.

ప్రియులారా, చేపలు గ్రుడ్లు పెట్టుకొనుటకు ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మన బోట్లు ఒడ్డున ఉంచుతాము. తీసికొనుటకు ఒక కాలం, విడిచిపెట్టుటకు ఒక కాలం ఉన్నదని జాలరి ఎరుగును. యోబు గ్రంథము 28వ అధ్యాయం కుటుంబమంతా కూర్చుండి చదవండి. కొండలను త్రవ్వి వెండి బంగారములను వెలికితీసే మనిషి జ్ఞానమును మాత్రం అక్కడ కనుగొనలేడని, అది దేవుని యందలి భయభక్తులలో ఉన్నదని అందులో చూస్తాము. దేవుడు చుక్క చుక్కగా చేయించిన పనిని ఒక్క దెబ్బతో పగులగొట్టకుండుట కూడ ఆ భక్తిలో భాగమే.