అడగని వేషం

సంక్రాంతికో శ్రీరామనవమికో ఊళ్లో నాటకం వేద్దామనుకున్నప్పుడు కృష్ణుడెవరన్న ప్రశ్న సాధారణంగా రాదు. ఊరికి ఆ సంగతి ముందే తెలుసు. కాస్త రంగూ రూపూ ఉండి, కళ్లంలో పని చేస్తూ కూడా రాగం తీసే మనిషి ఒకడు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు, అతనే కృష్ణుడు. భారీ మనిషి దుర్యోధనుడు. నోరున్నవాడు నక్షత్రకుడు. అందరికీ లోకువైనవాడు ద్వారపాలకుడు. హార్మోనీ మాస్టారు వచ్చి పెట్టె విప్పేసరికే వేషాల పంపకం అయిపోయి ఉంటుంది. ఇక ఆయనకు మిగిలేది పద్యాలు నేర్పడమే. దీన్ని ఎవరూ తప్పు పట్టరు. పండగ పూట పదిమందీ కలిసి సరదాగా వేసుకునేదానికి పరీక్షలేమిటి, ఇదేమైనా పరిషత్తు పోటీయా అంటారు. నా లెక్కలో అది తిరగేసి చెప్పాల్సిన మాట. పరిషత్తుకు వెళ్లే సమాజంలో ఎవరి సత్తా ఎంతో దర్శకుడికి ఏళ్ల తరబడి తెలుసు కాబట్టి అక్కడ పరీక్ష లేకపోయినా నడుస్తుంది. ఊరికి తన మనుషుల గురించి తెలిసింది వేరు: ఎవరి తాత ఎవరు, ఎవరికి ఎన్నెకరాలు, ఎవరి ముందు ఎవరు కూర్చుంటారు, ఎవరు నిలబడతారు. వేషాలు పంచేది ఆ ఎరుకే. దాన్ని ఒక పూట పక్కన పెట్టడానికే పండగ నాటకానికి పరీక్ష కావాలి. అదీ ఎవరు కోరిన వేషానికి వాళ్లను చూసే పరీక్ష కాదు, కోరని వేషానికి చూసేది.

పరీక్ష బొత్తిగా లేదని కాదు. రామాలయం అరుగు మీద చాప పరిచి, మాస్టారు ఎడమ చేత్తో గాలి కొడుతూ కుడిచేతి వేలు ఒక మెట్టు మీద ఆనించి, "ఏదీ, ఓ పద్యం అందుకో" అంటాడు. కుర్రాడు కళ్లు మూసుకుని అందుకుంటాడు. శ్రుతి ఒక మెట్టు పెంచితే గొంతు నిలుస్తుందో లేదో చూస్తారు. పద్యం చివర ఆలాపన ఎంతసేపు లాగాడో చూస్తారు. లాగినంతసేపు లాగితే చుట్టూ ఉన్నవాళ్లు తలలూపుతారు, అంతటితో సరి. అయితే ఆ పద్యం ఆ కుర్రాడు ఇంటి దగ్గర వందసార్లు విని వచ్చింది. ఒకప్పుడు గ్రామఫోన్ రికార్డులు, తర్వాత క్యాసెట్లు, ఇప్పుడు చేతిలో యూట్యూబ్. రాయబారం పద్యమైతే పీసపాటి నరసింహమూర్తి బాణీనో షణ్ముఖి ఆంజనేయరాజు బాణీనో దించేస్తాడు, కాటి సీను పద్యమైతే డి.వి. సుబ్బారావును. అందులో పరీక్షకు నిలబడ్డది జ్ఞాపకశక్తి. పద్యం తర్వాత వచ్చే వచనం ఎవరూ అడగరు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలో రాయబారం సీను ఆడిస్తున్నామనుకోండి, కృష్ణుడు పాడుతున్నంతసేపూ కర్ణుడూ అశ్వత్థామా దుర్యోధనుడూ కుర్చీల్లో కూర్చుని ఉండాలి. జనం వన్స్ మోర్ కొడితే దుర్యోధనుడు ఒకే అవమానానికి రెండుసార్లు మండిపడాలి. మధ్యలో మైకు వాడు చదివింపుల పేర్లు చదివితే ఆ కోపం చల్లారకుండా పట్టుకుని కూర్చోవాలి. నన్నడిగితే దుర్యోధనుడి వేషానికి వచ్చినవాణ్ణి పాడించాల్సిన పని తర్వాత. ముందు ఇంకొకడు పాడుతుంటే ఎదురుగా కూర్చోబెట్టి వాడి ముఖం చూడాలి.

మనిషి తనకేది నప్పుతుందో తనకే తెలుసనుకోవడం ఈ పంపకాల వెనకున్న మొదటి నమ్మకం. నాటకరంగం ఆ నమ్మకాన్ని పదేపదే తలకిందులు చేసింది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషధారి రాలేదు. ఆ ఖాళీలో నిలబడ్డ కుర్రాడు స్థానం నరసింహారావు. తెనాలి రామవిలాస సభలో సత్యభామగా, రోషనారగా ఆంధ్రదేశాన్ని ఊపేసి, 1956లో పద్మశ్రీ అందుకున్న ప్రయాణం ఒక మనిషి రాకపోవడంతో మొదలైంది. ఆ సాయంత్రం అసలు చంద్రమతి వేళకు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే కొంచెం భయమేస్తుంది. దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది, దాచడం న్యాయం కాదు. విజయవాడ ఎస్సారార్ కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ ఎన్.టి. రామారావు చేత రాచమల్లు దౌత్యం నాటకంలో నాగమ్మ వేషం కట్టించారు. ఆయన మీసం తీయనంటే తీయనన్నారు, మీసాల నాగమ్మ అన్న పేరు మిగిలింది. అడగని వేషం ఇస్తే ఇలాగే ఉంటుందని వాదించేవాళ్లకు ఇది మంచి ఉదాహరణే. అదే మనిషి సంగతి ఇంకొంచెం ముందుకు వెళ్లి చూడండి. 1954లో ఇద్దరు పెళ్లాలు సినిమాలో కృష్ణుడిగా కనిపిస్తే జనానికి ఎక్కలేదు. మాయాబజార్‌కు పిలిచినప్పుడు కృష్ణుడి వేషం తన వల్ల కాదని ఆయనే వెనకాడారు. నటుడి అంచనా కంటే తన కంటినే నమ్ముకుని ఒప్పించినవాడు కె.వి. రెడ్డి. 1957 తర్వాత తెలుగువాళ్లకు కృష్ణుడంటే ఇంకొక ముఖం గుర్తు రాలేదు. అడగని వేషం ఇవ్వడం వేరు, అంటగట్టడం వేరు. మధ్యలో చదివించి చూడటం అనే మెట్టు ఒకటి ఉండాలి.

పండగకో మొక్కుకో ఊరే వేసుకునే నాటకాల్లో లోకమంతా ఎరిగినది జర్మనీలోని ఒబెరామెర్‌గౌ గ్రామానిది. 1633లో ప్లేగు నుంచి కాపాడమని మొక్కుకుని, 1634 నుంచి క్రీస్తు చివరి రోజుల కథను ఆడుతున్నారు. ఇప్పుడు పదేళ్లకోసారి, ఊరి జనాభాలో చాలామందికి ఏదో ఒక వేషం. వేషం కట్టాలంటే ఆ ఊళ్లో పుట్టి ఉండాలి, లేదా ఇరవై ఏళ్లు కాపురముండాలి. ఎవరికి ఏ వేషమో థియేటరు ముందు బోర్డు మీద సుద్దముక్కతో రాస్తుంటే ఊరంతా నిలబడి చూస్తుంది. ప్రధాన వేషాలకు ఇద్దరిద్దరు ఉంటారు. మన కురుక్షేత్రంలో పడక సీనుకు ఒకటో కృష్ణుడు, రాయబారానికి రెండో కృష్ణుడు ఉన్నట్టే అనిపిస్తుంది గానీ తేడా ఉంది. అక్కడ ఇద్దరూ మొత్తం వేషం నేర్చుకుని వేర్వేరు రోజుల్లో కడతారు. మనం ఒకే రాత్రి దేవుణ్ణి ముక్కలు చేసి పంచుకుంటాం. పెళ్లయిన ఆడవాళ్లకూ ముప్పై అయిదు దాటినవాళ్లకూ వేషం లేదన్న పాత కట్టుబాటును అక్కడి స్త్రీలు కోర్టుకెక్కి 1990 నాటికి తీయించుకున్నారు. కోవిడ్ వల్ల రెండేళ్లు ఆలస్యమై 2022లో ఆడినప్పుడు యూదా వేషం కట్టిన ఇద్దరిలో ఒకరు ముస్లిం యువకుడు. నాలుగు వందల ఏళ్ల సంప్రదాయాన్ని గుండెలకు హత్తుకున్న ఊరే వేషాలు మాత్రం ఇంటిపేర్లను బట్టి ఇవ్వడం మానుకుంటూ వస్తోంది. మన దగ్గర తెలంగాణలో ఊరి అంచున తరతరాలుగా చిందు భాగవతం ఆడే కుటుంబాలు ఉంటే, కృష్ణుణ్ణి వెతకడానికి ఊరు నడివీధి దాటి వెళ్లదు.

ఇక డబ్బు. ఇది నోటితో అనే అభ్యంతరాలన్నిటికంటే బలమైనది. డ్రెస్ కంపెనీకి అద్దె కట్టాలి, తెరలకూ మైకుకూ కట్టాలి, మాస్టారికి నెలల తరబడి తిండీ పైకమూ చూడాలి. వేషం కట్టేవాడే భరిస్తాడు, పెద్ద వేషానికి పెద్ద భాగం. ఇది లేకపోతే తెర లేవదని కమిటీ వాళ్లు అంటే అబద్ధం చెబుతున్నట్టు కాదు. కానీ ఈ పద్ధతి నాటకాన్ని ఏం చేస్తుందో కళ్లెదుటే ఉంది. డబ్బున్నవాళ్లంతా కృష్ణులవుతారు, ధర్మరాజుకూ సహదేవుడికీ మనిషి దొరకడు. రాత్రి పదింటికి మొదలైన ఆట ఎవరి పద్యాలు వాళ్లు పాడి దిగిపోయే కచేరీ అవుతుంది. డబ్బిచ్చినవాడికి ఇవ్వదగ్గవి చాలా ఉన్నాయి. కరపత్రంలో మొదటి పేరు, ముందువరస కుర్చీ, మైకులో మూడుసార్లు పేరు, చివర్లో శాలువా. పేరు వినిపించాలన్న కోరిక ఎవరిదైనా ఈ మాత్రానికి తీరకపోతే, అతనికి నిజంగానే నాటకం మీద ప్రేమ ఉన్నట్టు. అప్పుడు అందరితో పాటు వచ్చి చదవడానికి అభ్యంతరం ఉండకూడదు.

నలుగురిలో పాడించి కాదంటే మనసు నొచ్చుకోదా, రేపు పొద్దున్నే ఒకే టీకొట్టు దగ్గర కలవాల్సిన వాళ్లం కదా అంటారు. నిజమే, అలిగినవాడు చందా కూడా వెనక్కి తీసుకుంటాడు. అయితే ఆ అవమానం పరీక్షలో లేదు, ఒక్క వేషానికే పోటీపడి ఓడిపోవడంలో ఉంది. అమెరికాలో క్రిస్మస్‌కు డికెన్స్ కథను ఆడే ఊరి నాటక సంఘాల్లో, ఆడిషన్‌కు వచ్చినవాళ్ల చేత నింపించే కాగితంలో సాధారణంగా రెండు ప్రశ్నలుంటాయి: కోరింది కాక ఇంకో పాత్ర ఇస్తే వేస్తారా, రిహార్సల్స్‌కు ఏయే రోజులు కుదరవు. మొదటిది అహాన్ని ముందే కొంచెం మెత్తబరుస్తుంది. రెండోది మనకు ఇంకా అవసరం. కోతలూ నూర్పిళ్లూ పెళ్లిళ్లూ, సంక్రాంతైతే కొత్తల్లుళ్లూ కోడిపందేలూ ఉన్న కాలంలో గొంతు కంటే హాజరే అరుదైన సరుకు. వచ్చిన ప్రతివాడి చేతా మూడు నాలుగు వేషాల్లోంచి తలా నాలుగు మాటలు చదివిస్తే, తనను కాదన్నారని ఎవరూ వేలెత్తి చూపలేరు. ఎంపిక చేసేది పొరుగూరి హార్మోనిస్టు అయితే ఇంకా మంచిది. తిట్లు తిని సామాను సర్దుకుని వెళ్లిపోతాడు.

ఒక్క అభ్యంతరానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. ముప్పై ఏళ్లుగా దుర్యోధనుడు కడుతున్న పెద్దాయన ఉంటాడు. ఎక్కడ గద దించాలో, ఏ పద్యం తర్వాత ఎంతసేపు ఆగాలో ఆయన ఒంట్లోనే ఉంటుంది, ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన్ను వచ్చి చదవమనడం మర్యాద కాదు, పైగా దండగ. ఆయన వేషం ఆయనకే ఉంచి, పక్కన ఇంకొకణ్ణి మొత్తం వేషం నేర్చుకోనివ్వడం ఒబెరామెర్‌గౌ పద్ధతికి దగ్గర. ఆయన ఒప్పుకుంటారా అన్నది ఊరిని బట్టి, ఆయన్ను బట్టి ఉంటుంది. ఆడవేషాల విషయంలో మాత్రం అలాంటి మొహమాటం అక్కర్లేదు. వకీలు పని చేసుకుంటూనే నాటకాన్ని ప్రాణంగా చూసుకున్న బళ్లారి రాఘవ ఆడవేషాలు ఆడవాళ్లే కట్టాలని స్వాతంత్ర్యానికి ముందే పట్టుబట్టారు. ఇవాళ్టికీ చాలా ఊళ్లలో చంద్రమతి పట్నం నుంచి నాటకం రోజు సాయంత్రం దిగుతుంది. ఆమె చేయి పట్టుకుని ఏడవాల్సిన లోహితాస్యుడు ఆమెను మేకప్ దగ్గరే మొదటిసారి చూస్తాడు. మన ఆడవాళ్లు స్టేజీ ఎక్కరండీ అని కమిటీ చెప్పే మాటకు ఆధారం ఏమిటంటే, ఇంతవరకూ వాళ్లను ఎవరూ పిలవకపోవడం. ఫలానా రోజు రామాలయం దగ్గర వేషాలకు చదివిస్తున్నాం, ఎవరైనా రావచ్చు అని దండోరా వేయించి, ఆ ఎవరైనాలో వాళ్లు కూడా ఉన్నారని విడిగా చెప్పించి, ఒక పూటంతా కూర్చుని చూడాలి. ఒక్కరూ రాకపోతే అప్పుడు పట్నం ఆర్టిస్టుకు అడ్వాన్సు పంపొచ్చు, కాకపోతే నాలుగు రోజుల ముందే రమ్మని.