మారేడుమిల్లి బొంగుకోడి

రాజమహేంద్రవరమునుండి రంపచోడవరము మీదుగా భద్రాచలము పోవు త్రోవలో, ఘాటుదారికి ముందు, కొండరెడ్ల సీమయందు మారేడుమిల్లి కలదు. సంక్రాంతి సెలవులలో అత్తగారితోను పిల్లలతోను పోయి, మేమచట బాటప్రక్క నొక పాకలో భోజనమునకు కూర్చుంటిమి.

అచటి బొంగుకోడి మిగుల ప్రసిద్ధము. పచ్చివెదురు బొంగు నొకవైపు గణుపు అడుగుగా నుండునట్లు కోసి, అల్లము, వెల్లుల్లి, కారము, పసుపు, ఉప్పు పట్టించిన ముక్కలను అందు కూరి, ఆకులతో మూతి బిగించి, నిప్పులపై త్రిప్పుచు కాల్తురు. నూనె చుక్కయైనను వేయరు. పచ్చిబొంగులోని తేమయు, మాంసపు నీరును చాలును. సోదరీమణులారా, ఇంట నెండువెదురుతో దీనిని చేయబూనకుడు, అది అంటుకొనును!

మా అత్తగారు అలవాటు చొప్పున, "మీరు కానివ్వండి, నాకేమి తొందర" అని దూరముగా కూర్చుండిరి. ఇంటిల్లిపాదికి వడ్డించి, అడుగంటినది తినుటయే ఆమె యెరిగిన భోజనము. నేనును ఆ త్రోవనే పోవుచున్నాను గదా!

పొయ్యికడ నున్న స్త్రీ బొంగు చీల్చి, పొగలు గ్రక్కు తొలిముక్కలను ఆకులో నిడి, సరాసరి అత్తగారి ముందు పెట్టెను. "మామ్మగారూ, చల్లారితే బాగుండదు. ముందు మీరు తినండి."

ఆమె కొడుకు వంక చూచిరి. మావారు తమ ఆకును వెనుకకు జరుపుకొని, "తినవమ్మా, మేము ఆగుతాము" అనిరి.

అత్తగారు మారుమాటాడక తినిరి. రెండవమారు తామే అడిగి వేయించుకొనిరి.