కుట్టు విప్పుట

కుట్టుపనిని గూర్చి వ్రాయువారు సాధారణముగా కుట్టుటను గూర్చియే వ్రాయుదురు. విప్పుటను గూర్చి వ్రాయువా రరుదు. తప్పు కుట్టని చేయి లేదు గదా! ముప్పది యేండ్లుగా కుట్టుయంత్రము ముందు కూర్చున్న నేను, విప్పుట మాత్రము మొన్న మొన్ననే నేర్చుకొంటిని. అందుకు చెల్లించిన వెల మీరు చెల్లింపకుండవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది తిరువూరు. విజయవాడనుండి భద్రాచలము పోవు బాటలోని యూరు. 2022లో కృష్ణాజిల్లానుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. మా వైపు ఇండ్లలో మెత్తబడిన పాతచీరను పారవేయుటకు చేతులు రావు. నాలుగైదు చీరలను మడతలుగా ఒకదానిపై నొకటి పరచి, సూదితో వరుసలు వరుసలుగా కుట్టి బొంత చేయుదురు. పురిటిబిడ్డకు దానిని మించిన పక్క లేదు. వంగదేశపు స్త్రీలును పాతచీరలతోనే కాంతాలు కుట్టుదురు. వెనుకటి దినములలో వారు ఆ చీరల యంచులనుండియే రంగుదారములు లాగి, వానితోనే పువ్వులు, చేపలు కుట్టెడివారు. అక్కడ విప్పుటయే కుట్టుటకు మొదలు.

మా యత్తగారియొద్ద వారి తల్లిగారు కుట్టిన బొంత యొకటి యుండెను. అంచులు చిరుగగా, కొన్నేండ్ల క్రిందట నేనే చుట్టును యంత్రపు కుట్టు వేసితిని. మా యమ్మాయి పురిటికి వచ్చినప్పుడు అత్తగారు దానిని పెట్టెలోనుండి తీసి, “పై చీర పోయినదే గాని లోపలివి గట్టిగానున్నవమ్మా. విప్పి, మనుమరాలి బిడ్డకు మరల కుట్టుము. నడుమ నున్నది మా యమ్మ చీర. అరువది యేండ్లయినది దానిని చూచి. జాగ్రత్త సుమా” అనిరి.

నేను సగము బ్లేడు తీసికొని కూర్చుంటిని. దర్జీలు అట్లే విప్పుట చూచియుంటిని. నేనును ఎన్ని రవికెలో అట్లే విప్పితిని. ప్రొద్దు గూకుచుండెను, వంట మిగిలియుండెను. త్వరగా ముగింపవలెనని పొరలను ఎడమచేత బిగలాగి బ్లేడు పోనిచ్చితిని. జారినది. లోపల కుంకుమరంగు చీర, పసుపు అంచు, కొత్తదానివలె మెరయుచు బయటపడెను. దానితోపాటే జానెడు కోత.

అత్తగారు వచ్చి ఆ కోతవెంబడి వ్రేలు పోనిచ్చి చూచిరి. “దారము తెంపబోయి చీర తెంపితివి. ఇక ఆపుము, రేపు వెలుతురులో చూతము” అని మాత్రమనిరి. ఆ రాత్రి వారు మజ్జిగ త్రాగి పరుండిరి. తిట్టినను నాకింత బాధ కలుగకపోవును.

మరునాడు దారములు, గుండీలు అమ్ము దుకాణమునకు పోయి కుట్లు విప్పు పనిముట్టు తెచ్చితిని. దానిని సీమ్ రిప్పరందురు. కుట్టుయంత్రముతో వచ్చు సామానులలో అది తరచుగా నుండును. మనమే మూల పడవేయుదుము. చిన్న పిడికి రెండు కొమ్ముల ఉక్కుముక్క. పొడవు కొమ్ము వాడియైనది. దారము క్రింద దూరును. పొట్టి కొమ్ము చివర చిన్న పూస యుండును. అది బట్టను కాచును. కోయు పదును ఈ రెంటి నడిమి పంగలో దాగియుండును. బ్లేడునకు దారమును బట్టయు నొక్కటే. దీనికి పంగలో పడినదే తెగును.

కొనునప్పుడు పొడవు కొమ్ము సన్నముగా, వంకర లేకుండ నున్నదా యని వెలుతురులో చూడుడు. లావైనచో చిన్న కుట్లలో దూరదు. పిడి చేతికి నిండుగా నుండవలెను. మరీ సన్ననిదానితో వ్రేళ్లు నొప్పిపుట్టును. మూత తప్పక యుండవలెను. వాడగా వాడగా పదును పోవును. దారము తెగక సాగుచున్నచో వెంటనే క్రొత్తది కొనుడు. మొద్దు పనిముట్టుపై బలము చూపినప్పుడే బట్ట చినుగును.

ఇక విప్పు విధము. బియ్యపు బస్తా మూతికుట్టు ఒక కొన లాగినచో సర్రున వచ్చుట మన మెరిగినదే, అది గొలుసుకుట్టు. ఇంటి యంత్రపు కుట్టు అట్లు రాదు. అమెరికాలో ఎలియాస్ హోవే 1846లో పేటెంటు పొందిన యంత్రము వేసిన కుట్టిది. పైదారము, బాబిన్ దారము బట్ట నడుమ ఒకదానినొకటి పెనవేసికొనును. కావున ఒక ప్రక్క మూడు నాలుగు కుట్లకొకటి చొప్పున తెంపి, బట్టను త్రిప్పి, రెండవ ప్రక్క దారమును మెల్లగా లాగవలెను. అది యొక్క పోగుగా వచ్చును. చేతికుట్టునైనచో జానెడు జానెడుకు తెంపి, ముక్కలుగా తీయవలెను. పొడవు దారమును లాగినచో పాతబట్ట కోసికొనును. పొరల నడుమ పూసను క్రిందుగా నుంచి తోసికొనిపోవు పద్ధతి గట్టి కొత్తబట్టకే గాని పాతచీరకు, పట్టుకు తగదు. కాజా తెరచునప్పుడు దాని చివర నడ్డముగా గుండుసూది గుచ్చుడు. కోత అక్కడ నాగును.

తెగిన దారపుముక్కల నన్నిటిని తడిగుడ్డతో ఏరివేయవలెను. పసిబిడ్డ వ్రేలికి దారము చుట్టుకొన్నచో రక్తము ఆడక వ్రేలు వాచును. నూలుచీరపై సూదిరంధ్రములు తడిపి గోటితో రాచిన పూడును. పట్టుపై మచ్చ నిలిచిపోవును.

ఆ బొంత విప్పుటకు నాకు నాలుగు పగళ్లు పట్టినది. కోత పడినచోట అత్తగారే, పోయిన పై చీరనుండి గట్టి ముక్క యొకటి కత్తిరించి, మాసిక వేసిరి. వారి చూపు తగ్గినది, దారము నేనెక్కించితిని. పొరలు మరల పరచునప్పుడు ఆ చీరను నడుమ పెట్టబోగా, “వద్దు. ఈమారు పైన వేయుము. నాకు కనబడనిమ్ము” అనిరి.

ఇప్పుడు మునిమనుమడు దానిపైననే పరుండుచున్నాడు. మాసిక వాని పాదములవద్దకు వచ్చును. నా కుట్టుపెట్టెలో బ్లేడు లేదు.