మన్యంలో తొలిచలి వెన్నెల

కోస్తా పల్లెల్లో ఉండే మనకు చలి అంటే ఏపాటిది? డిసెంబరు నెలలో తెల్లవారుజామున దుప్పటి మీద ఇంకో దుప్పటి లాక్కోవడం, గడ్డివామి మీద మంచు తడి చూసి మురిసిపోవడం, పిల్లలు చితుకులు ఏరి చలిమంట వేసుకోవడం – అంతే గదా. క్రిస్మసు పాటలకు ఇంటింటికీ తిరిగే మన యువకులు తలకు మఫ్లర్లు చుట్టుకునే బయలుదేరుతారు గాని, పది ఇళ్ళు తిరిగేసరికి అవి భుజాల మీదికి దిగుతాయి. ఇంత వెచ్చని దేశంలోనే గడ్డిపరకల మీద మంచు గడ్డకట్టే చోటు ఒకటి ఉందంటే చిన్నప్పుడు నేను నమ్మలేదు.

ఆ చోటు లంబసింగి. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని చిన్న గ్రామం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడే వరకు ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. సముద్ర మట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తు. విశాఖ నుండి 130 కిలోమీటర్ల దాకా ఉంటుంది. నర్సీపట్నం చేరితే అక్కడి నుండి 30 కిలోమీటర్లు, డౌనూరు దాటాక ఘాటురోడ్డు. ఇక్కడ చలి 5 డిగ్రీల లోపుకు పడిన సంవత్సరాలు ఉన్నాయి. పత్రికలు దీనిని ‘ఆంధ్రా కాశ్మీరు’ అంటాయి. ఆ బిరుదు నాకంతగా నచ్చదు. స్థానికుల పేరు ‘కొర్రబయలు’లోనే అసలు సంగతి అంతా ఉంది. కొర్ర అంటే కర్ర. రాత్రి బయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందట.

జనం సాధారణంగా డిసెంబరు, జనవరి నెలల్లో వెళతారు. మేము నవంబరులో, పున్నమికి రెండు రోజుల ముందు వెళ్ళాము. అందుకు కారణం మా నాన్నగారు. ఆయన వయస్సులో ఉండగా మూడేళ్ళు చింతపల్లి వైపు ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డారు. ఆయాసం ఉంది. ‘ఒక్కసారి ఆ కొండ మీద వెన్నెల చూడాలిరా’ అని నాలుగేళ్ళుగా అంటున్నారు. జనవరి చలి ఆయన రొమ్ముకు పనికిరాదని డాక్టరుగారు ఖండితంగా చెప్పారు. మా అన్నయ్యకైతే ఏ నెలలోనూ ఇష్టం లేదు. ‘రాత్రిపూట ఊపిరాడకపోతే ఆ కొండల్లో ఎవరి దగ్గరకు పరుగెత్తుతావు?’ అని అడిగాడు. దానికి నా దగ్గర మంచి జవాబేమీ లేదు. మందులు, రెండు కంబళ్ళు, చెవులకు ఉన్నిటోపీ సర్దుకుని, నర్సీపట్నంలో తెలిసిన ఒక జీపు డ్రైవరుకు ఏ వేళ ఫోను చేసినా రావాలని చెప్పి బయలుదేరాము.

మాకు బస ఇచ్చినది చింతపల్లికి దగ్గరలోని ఒక గిరిజన రైతు కుటుంబం. ఇంటి వెనుక వాలులో కాఫీ తోట. కాఫీకి నీడ కావాలి గనుక మధ్య మధ్య సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పైకి పాకిన మిరియపు తీగలు. నవంబరు వచ్చిందంటే కాఫీ పండ్లు ఎర్రబారతాయి, కోత మొదలవుతుంది. జనవరి దాకా ఆడవాళ్ళకు, మగవాళ్ళకు చేతినిండా పని. కింద పల్లంలో రాజ్మా చిక్కుళ్ళు, అవతల చెలకలో పచ్చగా విరబూసిన వలిసెలు. ఆ పూలు చూసేవారికి అందమే గాని, పండించేవారికి అది నూనెగింజ పంట. ఫొటోల కోసం చేలోకి దిగి తొక్కేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

రాత్రి ఎనిమిదింటికి గాలి పూర్తిగా నిలిచిపోయింది. నాన్నగారిని కుర్చీలో వాకిట కూర్చోబెట్టి కంబళి చుట్టాము. అప్పటికి చంద్రుడు తూర్పు కొండ దాటి బాగా పైకి వచ్చాడు. పిండి ఆరబోసినట్టు అంటారే, అదే వెన్నెల. సిల్వర్ ఓక్ ఆకుకు అడుగువైపు వెండి రంగు ఉంటుంది. ఏ కొమ్మ కాస్త కదిలినా చెట్టంతా ఒక్కసారి మెరిసి మళ్ళీ నల్లబడేది. మంచు ఆకుల చివర చేరి టపటపా రాలుతుంటే తోటలో సన్నని వాన పడుతున్నదేమో అనుకుని మా అమ్మాయి చెయ్యి చాచి చూసింది.

‘తాతయ్యా, వెన్నెల ఎక్కువైతే చలి ఎక్కువవుతుందా?’ అని అడిగింది.

నాన్నగారిలోని మాస్టారు మేలుకున్నారు. ‘చంద్రుడి తప్పేమీ లేదమ్మా. మబ్బు లేని రాత్రే వెన్నెల బాగా కనబడుతుంది. మబ్బు నేలకు దుప్పటి లాంటిది. అది లేకపోతే పగలంతా దాచుకున్న వేడి నేల నుండి పైకి పోతుంది. నేల చల్లబడితే దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. చల్లగాలి బరువు గదా, నీళ్ళలాగా వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది. అందుకే ఈ ఇల్లు వాలులో కట్టారు, గెడ్డ పక్కన కట్టలేదు’ అన్నారు. అన్నన్ని మాటలు ఒక్క దమ్మున అనేసి కాసేపు ఆయాసపడ్డారు. నేను మందు కోసం లేచాను. చేత్తోనే వద్దని వారించారు.

ఇంటాయన నవ్వి, ‘ఇదేటి చలి మాస్టారూ, సంక్రాంతి ముందు రండి. గెడ్డ పక్క గడ్డంతా ఉప్పు జల్లినట్టు తెల్లగుంటాది’ అన్నాడు. ఆ తెల్లదనం చూడ్డానికి బాగుంటుంది గాని, అది పడిన చోట లేత ఆకు నల్లగా మాడిపోతుందనీ, ఆ భయంతోనే పల్లపు చేనును తొందరగా కోసుకుంటామనీ చెప్పాడు. గాలిలో పెట్టిన కొలమానం మూడు నాలుగు డిగ్రీలు చూపుతున్నప్పటికీ నేలమీది గడ్డి సున్నాకు దిగగలదు. మంచు గడ్డకట్టేది అక్కడే.

మన పల్లెల్లో పొగమంచుకు, నీటిబొట్లుగా పడే మంచుకు, కొండల మీది గడ్డకు అన్నిటికీ ‘మంచు’ అనే అంటాము. ఈ తెల్లని పొడికి మాత్రం విడిగా ఒక మాట ఉంది, మీరందరూ చదివిందే. నిర్గమకాండము 16వ అధ్యాయంలో మన్నాను దేనితో పోల్చారో గుర్తు తెచ్చుకోండి. నూగుమంచు! ఎన్నేళ్ళుగానో చదువుతున్నాను గాని, అది కళ్ళతో చూడగల వస్తువని అనుకోలేదు. ఆ మాట చెబితే ఇంటాయన తల ఊపి, ‘నూగు… అదే, అలగే ఉంటాది’ అన్నాడు.

పదిన్నరకు నాన్నగారిని లోపలికి తీసుకువెళ్ళాము. ఇల్లాలు ప్రేమతో బొగ్గుల కుంపటి తెచ్చి మంచం పక్కన పెట్టింది. కాళ్ళు కాచుకున్నాక దాన్ని బయట పెట్టించి, కిటికీ ఒక రెక్క తీయించారు నాన్నగారు. ప్రియ పాఠకులారా, ఇది తప్పక గుర్తుంచుకోండి. మూసిన గదిలో బొగ్గుల నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. పడుకున్నవారు నిద్రలోనే పోతారు. బాలింతలు, ముసలివారు ఉన్న ఇళ్ళల్లో చలికాలంలో జరిగే ఘోరాల్లో ఇదొకటి.

నాకు నిద్ర పట్టలేదు. ఆయన ఊపిరి వింటూ పడుకున్నాను. కాసేపటికి బయటికి వచ్చి చూస్తే చంద్రుడు ఇంచుమించు నడినెత్తిన ఉన్నాడు, నా నీడ నా పాదాల దగ్గరే ముడుచుకుంది. శీతకాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగిపోతాడు. నిండు చంద్రుడు ఎప్పుడూ అతనికి ఎదురుగా ఉంటాడు గనుక ఉత్తరానికి జరిగి మన నడినెత్తికి వస్తాడు. వేసవి పున్నమికి ఈ ఎత్తు ఉండదు. దూరంగా ఎక్కడో ఒక కుక్క మొరిగి ఊరుకుంది. ఈ కొండల్లోనే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అనుచరులతో వచ్చి చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డాడు. ఆ మనుషులు ఎన్ని శీతకాలపు రాత్రులు పైకప్పు లేకుండా గడిపారో!

డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో ఇక్కడ ఈ నిశ్శబ్దం దొరకదు. చెరువులవేనం దగ్గర మబ్బుల మీద సూర్యోదయం చూడాలని కార్లు రాత్రికి రాత్రే ఘాటు ఎక్కుతాయి. పొగమంచులో పది అడుగుల అవతల ఏముందో కనబడదు. రావద్దని అనను. రైతులకు, టీ బడ్డీలవారికి నాలుగు డబ్బులు వస్తున్నాయి. అయితే పగటివేళ ఘాటు ఎక్కండి, తెచ్చుకున్న ప్లాస్టిక్కు మూట కట్టి వెనక్కి తీసుకుపొండి. తెల్లవారక ముందే కాఫీ కోతకు పోవాల్సినవాళ్ళు ఆ ఇళ్ళల్లో పడుకుని ఉంటారు. మైకులు అక్కర్లేదు.

ఉదయం ఆరింటికి లోయంతా పాలు పోసినట్టు తెల్లగా నిండిపోయింది. ఆ తెలుపులోంచి మాటలు ముందు వచ్చాయి, మనుషులు తరువాత కనబడ్డారు. బుట్టలు తగిలించుకున్న ఆడవాళ్ళు ఆరుగురు. తడిసిన కాఫీ కొమ్మలు పట్టుకునేసరికి వేళ్ళు కొంకర్లు పోతాయి. ఒకామె చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుని మళ్ళీ కొయ్యసాగింది. వలస పక్షుల్లా వచ్చిపోయే మాకు చలి వేడుక. ఆమెకు జనవరి దాకా రోజూ ఇదే తొలిగంట.

నాన్నగారు లేచారు. రాత్రి రెండుసార్లు దగ్గారు గాని, జీపు డ్రైవరును లేపాల్సిన పని రాలేదు. ఎండ గోడ మీదికి రాగానే అక్కడే పీట వేయించుకుని వేడి చోడి అంబలి గిన్నె రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. ఇంటాయనతో రాజ్మా ధర, మిరియాల దిగుబడి, తమ పాత బడి కప్పు ఇప్పుడు పెంకా సిమెంటా అనే సంగతులన్నీ మొదలయ్యాయి. తొమ్మిది గంటల బస్సు హారను వినబడినప్పుడు నేను సంచి అందుకున్నాను. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. పదకొండు గంటల బస్సుకు వెళ్ళాము.